పలుగు పట్టిన పటాలము

విజయవాడలో కృష్ణానది రెండు కొండల నడుమనుండి సాగిపోవును. ఉత్తరపు గట్టున ఇంద్రకీలాద్రి, దక్షిణపు గట్టున సీతానగరపు కొండ. ఈ రెండింటి నడుమ నేడు ప్రకాశము బారేజి నిలిచియున్నది. 1954లో మొదలిడి 1957లో ముగించిన ఈ కట్టడమునకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. దానికి పూర్వము దాదాపు నూఱేండ్లపాటు నదిని నిలిపినది పాత ఆనకట్ట. 1852లో ఆరంభింపబడి 1855లో పూర్తియైన ఆ ఆనకట్ట పొడవు 3,714 అడుగులు. దానిని కట్టించిన అధికారి పేరు కెప్టెను చార్లెసు ఓర్.

కాలువలు త్రవ్వించి ఆనకట్టలు కట్టించు మనుష్యునకు కెప్టెను అను సైనిక పదవి యేల? ఈ ప్రశ్న అడుగదగినదే. కుంపిణీ ప్రభుత్వపు కాలములో బాటలు, వంతెనలు, కాలువలు, కోటలు అన్నియు సైనిక ఇంజనీర్ల చేతిలోనే యుండెడివి. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థరు కాటన్ కూడ మద్రాసు ఇంజనీర్లు అను సైనికశాఖకు చెందినవాడే. అయితే ఆ శాఖలో ఉండినవారు దొరలు మాత్రమే. వారి ఆజ్ఞను అనుసరించి పలుగును, పారను చేతబట్టి పనిచేసిన సిపాయిలది వేఱొక దళము. దాని పేరు మద్రాసు సాపర్లు, మైనర్లు. రెండు ప్రపంచ యుద్ధములలోను ఆ దళము ఏమి చేసినదో ఈ పాఠమునందు తెలిసికొందము.

ముందుగా ఆ పేరు సంగతి. పూర్వము ఒక కోటను ముట్టడించునపుడు శత్రువుల గుండ్లు తగులకుండ కందకము త్రవ్వుకొనుచు గోడవైపునకు మెల్లమెల్లగ జరిగెడివారు. అట్లు త్రవ్వువాడు సాపరు. గోడ క్రిందకు సొరంగము త్రవ్వి అందు తుపాకిమందు దట్టించి ప్రేల్చువాడు మైనరు. ఈ రెండు మాటలును నోట తిరుగక ఉత్తరాది సిపాయిలు ఆ దళమును "సఫర్ మైనా" అని పిలిచిరి. కోటల ముట్టడులు తగ్గిన పిమ్మట కూడ పేరు అట్లే నిలిచినది. పని మాత్రము పెరిగినది. సైన్యమునకు ముందుగా నడచి దారి వేయవలెను, నది అడ్డమైనచో వంతెన కట్టవలెను, నీరు లేనిచోట బావి త్రవ్వవలెను, వెనుకకు మరలునపుడు తాము కట్టిన వంతెననే తమ చేతులతో కూల్చవలెను. వీనిలో చివరిది అన్నింటికంటె కష్టమని నా తలంపు.

ఈ దళము 1780 సెప్టెంబరు 30వ తేదీన చెన్నపట్టణపు సెంట్ జార్జి కోటలో పుట్టినది. అప్పుడు దానికి పయనీర్లని పేరు. ఉండినవి రెండే కంపెనీలు. అది హైదరాలీతో యుద్ధము సాగుచుండిన సంవత్సరము. 1831లో సాపర్లు, మైనర్లు అను పేరు వచ్చినది. మైసూరు యుద్ధములు, ఈజిప్టు, చైనా, బర్మా, సింధు, అబిసీనియా: పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లీషువారు సేన నడపిన చోటులలో ఈ దళము లేని చోటు అరుదు. ఆ కథలన్నియు చెప్పబూనినచో ఈ పుస్తకము చాలదు.

మన డెల్టాకును ఈ దళమునకును గల సంబంధమును మాత్రము చెప్పక తప్పదు. 1832, 33 సంవత్సరములలో గుంటూరు ప్రాంతమున వచ్చిన క్షామమును పెద్దలు డొక్కల కరువని చెప్పుకొనెడివారు. వర్షము లేక పంట పోయెను. జనము వేలకువేలుగా రాలిపోయిరి. కృష్ణ మాత్రము ఆ ప్రక్కనే సముద్రమునకు పోవుచుండెను. ఆనకట్ట తలంపు గట్టిపడుటకు ఆ కరువే కారణము. అయినను ఇసుక నేలపై అంత పెద్ద గోడను నిలుపుట ఎట్లు? కావేరిపై చోళులు కట్టించిన కల్లణై ఇసుకపైననే నిలిచియుండుటను చూచి కాటన్ ఆ రహస్యమును గ్రహించెను. ఆ ఉపాయమును తాను మన పూర్వులనుండియే నేర్చుకొంటినని ఆయనయే ఒప్పుకొనెను. ధవళేశ్వరపు పనిలో సాపర్లు కూడ పాల్గొనిరి. బెజవాడలో ఓర్ రెండు ప్రక్కల కొండలను పగులగొట్టించి ఆ రాతినే నదిలో నింపించెను. రాతిని ప్రేల్చుట, బరువులెత్తుట, వరదలో పడవలు నడపుట, ఇసుకలో పునాది దింపుట ఇవన్నియు సైనిక ఇంజనీరుకు యుద్ధరంగమున కావలసిన విద్యలే. శాంతికాలమున డెల్టాకు పనికివచ్చిన విద్య యుద్ధకాలమున పరదేశపు నదులమీద పనికివచ్చినది.

ఈ దళములో చేరినవారు ఎవరు? తమిళులు, తెలుగువారు, మలయాళులు, కన్నడిగులు, మహమ్మదీయులు, క్రైస్తవులు. పాత సైన్యపు దస్తరములలో తెలుగువారిని "జెంటూ"లని వ్రాసెడివారు. సంఘము అస్పృశ్యులని వెలియుంచిన కులములవారు కూడ ఈ దళమున పెక్కుమంది చేరిరి. ఊరి బావిలో నీరు తోడుకొనుటకు హక్కు లేనివాడు ఇచ్చట సుబేదారు కావచ్చును. ఉత్తరాదిని చాల పటాలములలో జాతికొక కంపెనీ, కులమునకొక కంపెనీగా విడదీసియుంచగా, మద్రాసు సాపర్లు కలిసియే యుండిరి. ఒకరినొకరు తంబి యనుకొనిరి. తమిళమున తంబి యనగా తమ్ముడు. నేటికిని భారతసైన్యములో ఈ దళమువారికి అదే పేరు.

పందొమ్మిదవ శతాబ్దము ముగియుచుండగా ఈ దక్షిణాది సిపాయిలకు ఒక పెద్ద అవమానము జరిగినది. లార్డు రాబర్ట్సు 1881 మొదలు 1885 వఱకు మద్రాసు సైన్యమునకును, ఆపైన 1893 వఱకు భారతదేశపు సైన్యమునకును సేనాధిపతిగా నుండెను. దక్షిణాదివారు దీర్ఘకాలపు శాంతిచేత మెత్తబడిరనియు, యుద్ధమునకు తగినవారు వాయవ్యమునను నేపాళమునను పుట్టుదురనియు ఆయన నమ్మకము. కొన్ని జాతులు పుట్టుకచేతనే వీరజాతులు, తక్కినవి కావు అను ఈ సిద్ధాంతము క్రమముగా ప్రభుత్వపు విధానమైనది. తెలుగు పటాలములు, తమిళ పటాలములు ఒకదాని వెనుక నొకటి రద్దయినవి, లేదా పంజాబీలతో నింపబడినవి. అసాయే యుద్ధమున, మహీద్‌పూరు యుద్ధమున పోరాడి ఇంగ్లీషువారికి రాజ్యమును సంపాదించి యిచ్చినది ఈ మద్రాసు సిపాయిలే యను మాటను వారు సులభముగా మఱచిరి. పల్నాటి వీరుల కథలు పాడుకొను దేశమునకు వీరత్వము లేదని ఎవరో వచ్చి చెప్పుట కొంత వింతయే.

సాపర్లను మాత్రము ప్రభుత్వము తీసివేయలేకపోయినది. వడ్రంగము, కమ్మరము, రాతిపని, లెక్క తెలిసినవారు ఒక్కనాటిలో తయారుకారు. అందుచేత బెంగుళూరులో అలసూరు చెరువు ప్రక్కన స్థిరపడిన ఈ దళము అట్లే నిలిచినది.

1912లో ఆ బెంగుళూరులోనే మెక్లింటాకు అను కెప్టెను ఒక సాధనమును కల్పించెను. ఆయన ఈ దళపు అధికారి. పొడవైన ఇనుప గొట్టములో ప్రేలుడు మందు నింపి, గొట్టమునకు గొట్టమును తగిలించి, ముండ్లతీగల కంచె క్రిందకు దూరమునుండియే నెట్టి ప్రేల్చినచో కంచెలో మనుష్యులు దూరుటకు దారి ఏర్పడును. దీనికి బెంగుళూరు టార్పెడో అని పేరు. రెండేండ్లు తిరుగకముందే ఐరోపాఖండమంతటను కందకములు, ముండ్లతీగలు పరచుకొనినవి. 1944 జూను 6వ తేదీన ఫ్రాన్సులోని నార్మండీ తీరమున అమెరికను సైనికులు దిగినపుడు కూడ కంచెలను ఛేదించినది ఈ గొట్టమే. ప్రపంచపు సైన్యములన్నియు పలుకు ఆ పేరు మన పొరుగూరిది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. భారతదేశమునుండి పది లక్షలకు మించిన జనము సముద్రములు దాటి పోయిరి. వారిలో డెబ్బది వేలకు పైగా తిరిగి రాలేదు. మద్రాసు సాపర్ల ప్రధాన రంగము మెసపొటేమియా, అనగా నేటి ఇరాకు దేశము. టైగ్రిసు, యూఫ్రటీసు నదుల నడుమనున్న ఆ నేల మన డెల్టావలెనే పల్లము. వరదవచ్చినచో సముద్రము, వరద తీసినచో బురద. అచ్చట రైలులేదు, గట్టి బాటలేదు. తిండి, మందు, గుండు సమస్తమును నదిమీదనే పోవలెను. కూత్ అను పట్టణమున ముట్టడిలో చిక్కుకొనిన భారత, బ్రిటిషు సేన 1916 ఏప్రిలు 29వ తేదీన ఆకలిచేత లొంగిపోయెను. ఇంచుమించు పదమూడు వేలమంది చెరబడిరి. చెరలో మరణించినవారు వేలమంది.

ఆ పరాభవమునకు మఱుసటి సంవత్సరము బదులు దొరకినది. జనరలు మాడ్ సేన కూత్ దగ్గరకు తిరిగివచ్చినది. నడుమ టైగ్రిసు వరదతో పొంగుచుండెను. ఆవలి గట్టున తురకల తుపాకులు. 1917 ఫిబ్రవరి 23వ తేదీన తెల్లవారుజామున షుమ్రాన్ అను వంపువద్ద నదిని దాటుటకు నిశ్చయించిరి. మూడు రేవులు ఏర్పరచిరి. ఒక్కొక్క పడవలో కొందఱు సైనికులు, తెడ్లు వేయుటకు కొందఱు. తెడ్లు పట్టినవారిలో మన మద్రాసు సాపర్లును ఉండిరి. తుపాకి పట్టినవాడు గుండు వచ్చినపుడు తలవంచుకొనవచ్చును, తిరిగి కాల్చవచ్చును. తెడ్డు వేయువానికి ఆ రెండును లేవు. వీపు శత్రువువైపున నుంచి, రెండు చేతులను తెడ్డుమీద నుంచి, ప్రవాహమును కోయుచు పోవలెను. పోయి, దింపి, ఖాళీ పడవతో తిరిగివచ్చి, మరల పోవలెను. కొన్ని పడవలలో తెడ్లు వేయువారందఱును పడిపోగా అవి నీటివాలున కొట్టుకొనిపోయినవి. రెండు రేవులు నిలువలేకపోయినవి. మొదటి రేవు నిలిచినది.

ఆనాడు సాయంకాలమునకు వేఱొక ఇంజనీరు బృందము ఆ నదిపై పడవల వంతెనను పూర్తిచేసెను. డెల్టాలో పుట్టినవారికి పడవల వంతెన అనగా నేమో సులభముగా తెలియును. రెండు పడవలను జతచేసి పైన పలకలు పరచినచో బల్లకట్టు అగును. అట్టివానిని ఈ గట్టునుండి ఆ గట్టువఱకు వరుసగా నిలిపి, లంగరువేసి, పలకలు బిగించినచో వంతెన అగును. చెప్పుట సులభమే, వరదలో లంగరు నిలుచుట కష్టము. ఆ రాత్రియే సేన నది దాటెను. మార్చి 11వ తేదీన బాగ్దాదు నగరము వశమాయెను.

ఈ విజయముల ఫలము ఎవరికి దక్కినది? యుద్ధము ముగిసిన పిమ్మట భారతదేశమునకు లభించినవి రౌలట్టు చట్టమును, 1919 ఏప్రిలులో జలియను వాలా బాగును. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము మన బెజవాడలోనే సమావేశమైనది. ఆ సందర్భమునందే పింగళి వెంకయ్యగారు తాము రూపొందించిన పతాకమును గాంధీజీకి చూపిరి. వెంకయ్యగారు కృష్ణా డెల్టాలోని భట్లపెనుమర్రున పుట్టినవారు. యౌవనమున దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమున సైనికుడుగా పనిచేసినవారు. ఒక సిపాయి రాజుగారి జెండా క్రింద నిలిచి వచ్చి, స్వదేశమునకు వేఱొక జెండా కావలెనని తలంచినాడు. పరదేశపు ప్రభుత్వము కొఱకు ప్రాణములిచ్చినవారిని గూర్చి మనవారిలో రెండు తలంపులుండుట సహజమే. జీతము కొఱకు పోయినవారున్నారు, ఊరిలో బ్రతుకు లేక పోయినవారున్నారు, తండ్రి తాతలు పోయిన దారి గనుక పోయినవారున్నారు. వారి ధైర్యము మాత్రము వారిదే. అది ప్రభుత్వము ఇచ్చినది కాదు.

ఆ ప్రభుత్వము వారికి చూపిన కృతజ్ఞత ఇంకను విచిత్రము. ఖర్చు తగ్గింపవలెనను నెపముతో మిగిలిన మద్రాసు పదాతి పటాలములను ఒక్కటొక్కటిగా తీసివేసిరి. 1933లో మద్రాసు పయనీర్లను కూడ రద్దుచేసిరి. తెలుగు, తమిళ యువకులకు సైన్యములో పేరుగల తావుగా మిగిలినది ఈ సాపర్ల దళమొక్కటే. సన్నని దారమొక్కటి తెగక మిగిలినట్లు ఆ పదేండ్లును గడచినవి.

1939లో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినపుడు వీరజాతుల సిద్ధాంతము తనంతట తానే కూలిపోయెను. ఒక్క పంజాబును నమ్ముకొని ఇరువదియైదు లక్షల సైన్యమును నింపుట సాధ్యముకాదు. యంత్రములు నడపువారు, మోటారులు బాగుచేయువారు, తంతి పలికించువారు కావలసివచ్చిరి. చదువు వ్యాపించిన చెన్నరాజధాని సైనికులను పంపుటలో ముందువరుసలో నిలిచెను. రద్దుచేసిన మద్రాసు రెజిమెంటును తిరిగి నెలకొల్పిరి. సాపర్ల కంపెనీలు అనేకరెట్లు పెరిగినవి. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంత మాధవరమను గ్రామము కలదు. మొదటి యుద్ధమునకు తొంబదిమంది, రెండవ యుద్ధమునకు 1,110 మంది ఆ ఒక్క ఊరినుండి పోయిరని గ్రామస్థులు లెక్క చెప్పుదురు. ఆ ఊరిని నేటికిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు.

ఈసారి యుద్ధము మన వాకిటికే వచ్చినది. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారికి లొంగిపోయెను. మలయాకు పంపబడిన మద్రాసు సాపర్లు కూడ అచ్చట చెరబడిరి. ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. సముద్రతీరపు ఊళ్లనుండి జనము లోపలి గ్రామములకు తరలిపోయిరి. అప్పటివఱకు పేపరులో చదివిన యుద్ధము కోస్తా జిల్లాలవారికి అప్పుడు చెవులకు వినబడినది.

ఈ దళపు 12వ ఫీల్డు కంపెనీయు, 11వ ఫీల్డు పార్కు కంపెనీయు 4వ భారత డివిజనులో నుండెను. ఉత్తర ఆఫ్రికా ఎడారి, ఎరిట్రియా కొండలు, ట్యునీసియా, ఇటలీ, ఇట్లు ఆ డివిజను తిరిగిన దూరము వేలమైళ్లు. ఎడారిలో సాపరు పని మారినది. కోట గోడలు లేవు. నేలలో దాచిన మందుపాతరలు ఉన్నవి. చదునైన ఇసుక, కంటికి ఏమియు కానరాదు; కాలు మోపినచో ప్రేలును. సేన కదలుటకు ముందు, చీకటిలో, సాపర్లు వరుసగా బోర్లపడుకొని మొనగల ఇనుప కడ్డీతో నేలను అంగుళమంగుళము గ్రుచ్చి చూచుచు పోవలెను. తరువాత చెవికి తగిలించుకొను యంత్రము వచ్చినది; లోహము తగిలినచో అది కూయును. యంత్రమును నమ్మవచ్చును గాని పూర్తిగా నమ్మరాదు. జర్మనులు కొన్ని పాతరలను కఱ్ఱ పెట్టెలలో పెట్టిరి.

ఇటలీలో 1944 ఫిబ్రవరి 24వ తేదీన మిన్యానో అను చోట 11వ ఫీల్డు పార్కు కంపెనీకి చెందిన సుబేదారు సుబ్రమణ్యము తన జట్టుతో మందుపాతరలను ఏరివేయుచుండెను. ఆయన కాంచీపుర ప్రాంతమువాడు, తమిళుడు. ముందు నడచుచున్న సిపాయి ఒక పాతరపై కాలు మోపెను. ఆ జాతి పాతర వెంటనే ప్రేలదు. దానిలో ఏదో చిన్నగ ధ్వనించిన పిమ్మట నాలుగు క్షణములు గడచును. అప్పుడది నేలనుండి పైకెగిరి నడుమెత్తున ప్రేలి చుట్టునున్నవారినందఱిని ఇనుప గుండ్లతో కొట్టును. శిక్షణ పొందినవారందఱికి ఆ ధ్వని తెలియును. నాలుగు క్షణములలో మనుష్యుడు చేయగలిగినది నేలపై పడుకొనుట. సుబేదారు పడుకొనెను గాని, ఆ పాతరమీద పడుకొనెను. ప్రేలుడునంతయు తన శరీరమునందే భరించెను. కొలది నిమిషములలో ప్రాణము పోయెను. ఆయన వెంటనున్నవారు బ్రతికిరి. మరణానంతరము ఆయనకు జార్జి క్రాసు అను పతకము నిచ్చిరి. దానిని పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. వీరజాతులు కావని త్రోసివేయబడిన నేలలో పుట్టినవాడు, గుండు కాల్చుటచేత కాక తోడివారిని కాపాడుటచేత ఆ పతకమును పొందెను.

ఆ రోజులలోనే మిన్యానోకు ఉత్తరమున కస్సినో కొండ దగ్గర 4వ డివిజను సాపర్లు వేఱొక పనిలో నుండిరి. కొండ నెత్తిన పెద్ద మఠము. ముందునుండి ఎన్ని దాడులు చేసినను సేన ఎక్కలేకపోయినది. వెనుకవైపున కంచరగాడిదలు నడచు కాలిబాట యొకటి యుండెను. దానిని ట్యాంకులు పోవునంత వెడల్పు చేయవలెనని తలంచిరి. ఆ బాట చాలభాగము శత్రువుల కంటికి ఆనును గనుక చీకటిలోను, పొగతెర మాటునను రాతిని పగులగొట్టి, గోతులు పూడ్చి, వేఱొక దేశపు ఇంజనీర్ల తోడ్పాటుతో ఆ దారిని ముగించిరి. మార్చి 19వ తేదీన ట్యాంకులు ఆ దారిన ఎక్కినవి. అంత ఎత్తున ట్యాంకులను చూచి జర్మనులు నివ్వెఱపోయిరి. కాని వానివెంట కాలిబంటులు లేకపోవుటచేత ఆ దాడి ఫలింపలేదు. దారి తప్పు కాదు.

తూర్పున బర్మాలో యుద్ధమంతయు నదులతోడనే. 1942లో వెనుకకు వచ్చునపుడు ఏ వంతెనలను కూల్చిరో, 1944, 45 సంవత్సరములలో ముందుకు పోవునపుడు ఆ చోటులనే తిరిగి కట్టవలసివచ్చెను. ఇప్పుడు సాపర్ల చేతికి క్రొత్త సాధనము వచ్చియుండెను. అది బెయిలీ అను ఇంగ్లీషువాడు కల్పించిన ఇనుప వంతెన. పదియడుగుల చట్రములు; ఒక్కొక్కదానిని ఆరుగురు మోయగలరు. పిల్లలు ఆటకట్టెలు కూర్చినట్లు చట్రమునకు చట్రమును చీలలతో బిగించి నదిమీదకు నెట్టుచు పోవుదురు. 1944 డిసెంబరులో కలేవావద్ద చింద్విను నదిపై 14వ సైన్యపు ఇంజనీర్లు నిలిపిన అట్టి వంతెన పొడవు 1,154 అడుగులు. ప్రపంచములో అంత పొడవైన బెయిలీ వంతెన అప్పటికి లేదు. ఓర్ కట్టిన బెజవాడ ఆనకట్టలో అది మూడవవంతు కూడ కాదు. అయితే ఓర్ మూడేండ్లు తీసికొనెను, వీరికి పట్టినవి కొలదిరోజులే. ఆపైన ఐరావతి. పడవలు, తెప్పలు, మోటారు తగిలించిన బల్లకట్టులు, ఏది దొరకిన అది పట్టుకొని సేన ఆ మహానదిని దాటెను. 1945 మేలో రంగూను వశమైనది. అప్పటికే తెలుగువారు వేలకువేలు కూలికిపోయి బ్రతికిన పట్టణమది. వారిలో పెక్కుమంది 1942లో అడవుల వెంబడి కాలినడకను స్వదేశమునకు పారిపోయి రావలసివచ్చెను.

యుద్ధము ముగిసిన రెండేండ్లకు దేశము స్వతంత్రమైనది. దళపు పేరులోనుండి విక్టోరియా రాణి పేరు తొలగిపోయెను. నేడు దానిని మద్రాసు ఇంజనీరు గ్రూపు అందురు. ముఖ్యస్థానము నేటికిని బెంగుళూరే. ఆ నగరమున బ్రిగేడు రోడ్డు మూలను, అంగళ్ల సందడి నడుమ, ఈ దళపు మృతవీరుల స్మారకముగా రాతిస్తంభమొకటి నిలిచియున్నది. దారినపోవువారిలో దానిని చదువువారు తక్కువ.

స్వతంత్ర భారతదేశము కొఱకు వారు చేసిన మొదటి పనులలో నొకటి కస్సినోను తలపించును. 1948లో కాశ్మీరమున లడఖుకు పోవు దారిని శత్రువులు జోజీలా కనుమవద్ద అడ్డగించిరి. పదునొకండు వేల అడుగులకు మించిన ఎత్తు, మంచు ఆరంభమగుచుండెను. కాలిబంటుల దాడులు ఫలింపలేదు. ట్యాంకులను పైకి తీసికొనిపోవలెనని జనరలు తిమ్మయ్య నిశ్చయించెను. ఉన్నది మరల కంచరగాడిదల బాటయే. మేజరు తంగరాజు నాయకత్వమున మద్రాసు సాపర్లు బల్తాలునుండి కనుమవఱకు ఆ బాటను తొలిచి వెడల్పు చేసిరి. చలికి అలవాటులేని దక్షిణాదివారు, తుపాకిగుండ్ల నడుమ, రాతిని ప్రేల్చుచు పనిచేసిరి. నవంబరు 1వ తేదీన ట్యాంకులు ఆ దారిన పైకెక్కినవి. ఈసారి వానివెంట కాలిబంటులు కూడ నడచిరి.